సమీకరణంతో పద సమస్య చేసే ముందు జాగ్రత్తలు

పెన్ను కదపకముందే లెక్కను రెండుసార్లు చదవండి, ఏం అడిగారో దాని కింద గీత గీయండి.

ఎక్స్ అంటే ఏమిటో మాటల్లో రాసుకోవాలి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పలాసలో ఒక వ్యాపారి కిలో 800 రూపాయల జీడిపప్పు, 650 రూపాయల రకం కలిపి మొత్తం 10 కిలోలు 7100కి అమ్మాడనుకోండి. "ఎక్స్ = జీడిపప్పు" అని రాస్తే అది కిలోలా రూపాయలా తేలక మధ్యలో తికమక పడతారు. "ఎక్స్ = 800 రకం ఎన్ని కిలోలు" అని రాయండి, అప్పుడు రెండోది 10 − ఎక్స్ అని దానంతటదే వస్తుంది, 800ఎక్స్ + 650(10 − ఎక్స్) = 7100, ఎక్స్ = 4. బ్రాకెట్ మాత్రం మర్చిపోకండి, 650తో లోపలున్న రెండింటినీ గుణించాలి.

యూనిట్లు కలిశాయా? విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సు వేగం గంటకు 40 కిలోమీటర్లని ఇచ్చి, సమయం 45 నిమిషాలంటే ముందు దాన్ని ముప్పావు గంట చేయండి.

వయసుల లెక్కల్లో ఐదేళ్ల తర్వాత అంటే తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ 5 కలపాలి, ఎక్కువమంది పిల్లలు పొరబడేది ఇక్కడే.

"రెట్టింపు కంటే 5 తక్కువ" అంటే 2ఎక్స్ − 5. తిప్పి రాయకండి.

జవాబును సమీకరణంలో కాదు, ఇచ్చిన లెక్కలోనే పెట్టి చూడండి: 4 కిలోలకు 3200, 6 కిలోలకు 3900, మొత్తం 7100. సమీకరణమే తప్పు రాసి ఉంటే అందులో జవాబు ఎలాగూ సరిపోతుంది.