పికప్ తగ్గిందని పెర్ఫార్మెన్స్ ఫిల్టర్ కొనే ముందు

సమస్య: బండి లాగడం లేదు, మైలేజీ కూడా పడిపోయింది.

ముందు పాత ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకు పట్టి చూడండి. మడతల్లోంచి వెలుతురు అవతలికి రాకపోతే కంపెనీ కాగితం ఫిల్టరే కొత్తది వేయండి. కొన్ని వందలతో పోయే పనికి వేలు పెట్టనక్కర్లేదు. లాగుడు తిరిగొస్తుంది, మైలేజీ మాత్రం ఆశించకండి. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లను పరీక్షించింది. మూసుకుపోయిన ఫిల్టర్ తీసి కొత్తది వేసినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, వేగం అందుకోవడం మాత్రం 6 నుంచి 11 శాతం మెరుగుపడింది. లోపలికి వచ్చే గాలిని బట్టి కంప్యూటరే పెట్రోలు కొలిచి పోస్తుంది కదా. మైలేజీ సంగతి టైర్ల గాలిలో, పట్టేసిన బ్రేకుల్లో వెతకండి.

పాత ఫిల్టర్ శుభ్రంగానే ఉందా? అయితే ఖరీదైనది వేసినా తేడా తెలియదు. ఊళ్లో నడిపేటప్పుడు పెట్రోలు కారులో గాలిని ఆపేది సగం మూసుకుని ఉన్న థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు), ఫిల్టర్ కాదు.

సమస్య: కాటన్ ఫిల్టర్ (నూనె పట్టించి మళ్లీ మళ్లీ వాడే పెర్ఫార్మెన్స్ ఫిల్టర్) కడిగి నూనె పట్టించాక ఐడ్లింగ్ ఊగుతోంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది.

నేను చేసిన తప్పే ఇది. ఆవకాయలో పోసినంత ధారాళంగా పోశాను. ఎక్కువైన నూనె గాలితోపాటు వెళ్లి, లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌లోని సన్నని వేడి తీగకు అంటుకుంది. తీగ గాలిని తక్కువగా లెక్కగట్టింది, ఇంజిన్‌కు పెట్రోలు చాలలేదు. స్కానర్ పెడితే పి0171 కోడ్ (గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని అర్థం) వచ్చింది. ఆ సెన్సర్ కోసమే అమ్మే స్ప్రేతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. బ్రేక్ క్లీనర్ వాడొద్దు, తీగను గుడ్డతో తుడవొద్దు. ఫిల్టర్‌ను మళ్లీ కడిగి, బాగా ఆరాక మడతకో సన్నని గీత చొప్పున నూనె పెడితే చాలు. చాలా చిన్న పెట్రోలు కార్లలో ఈ సెన్సర్ ఉండదు, వాటికి ఈ బెడద లేదు.

సమస్య: ఫిల్టర్ దాటాక గొట్టంలో దుమ్ము.

తెల్ల గుడ్డ వేలికి చుట్టి గొట్టం లోపల తుడవండి. ఎర్రమట్టి అంటితే ఫిల్టర్ అంచు రబ్బరు సరిగ్గా కూర్చోలేదన్నమాట, లేదా కాటన్‌పై నూనె ఆరిపోయింది. ఆ దుమ్ము సిలిండర్ గోడలను గీరేస్తుంది. పల్లె రోడ్లపై తిరిగే బండికి నేనైతే కాగితమే వేస్తాను.

సమస్య: కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా బిగించే శంకువు ఆకారపు ఫిల్టర్) పెట్టాక మోత పెరిగింది, ట్రాఫిక్‌లో మాత్రం మందగిస్తోంది.

అది బానెట్ కింది వేడి గాలిని పీలుస్తోంది. వేడి గాలి పలచన. పాత ఫిల్టర్ డబ్బా పారేయకపోతే తిరిగి బిగించండి.