గరిక ఏదో, రెయిన్ లిల్లీ ఏదో గుర్తించడం

పూలు లేని రోజుల్లో రెయిన్ లిల్లీ గుబురు చూడటానికి గడ్డిలాగే ఉంటుంది కనుక, పచ్చిక కోసి కుందేళ్లకో మేకలకో వేసేవారు ఈ తేడాను తప్పక తెలుసుకోవాలి. గరిక నేలపై పాకే కాడలతో సాగుతుంది. ఆ కాడకు కణుపులుంటాయి, నేలను తాకిన కణుపు దగ్గర వేళ్లు పుడతాయి, ప్రతి ఆకు అడుగుభాగం తొడుగులా కాడను చుట్టుకొని ఉంటుంది. రెయిన్ లిల్లీకి ఇవేవీ ఉండవు. నున్నగా, కాస్త కండగా ఉండే దాని ఆకులు మట్టిలోని దుంప నుంచి నేరుగా పైకి వస్తాయి. అనుమానం కలిగితే ఒక మొక్కను వేళ్లతో సహా పెకలించి చూడండి. చిన్న ఉల్లిగడ్డను పోలిన దుంప కనిపిస్తే అది గడ్డి కాదు. ఆకు వెడల్పు చూసి తేల్చుకోవడం కన్నా ఇదే నమ్మదగిన పరీక్ష.

ఈ మొక్కలో, ముఖ్యంగా దుంపలో, లైకోరిన్ వంటి విషపూరిత ఆల్కలాయిడ్లు ఉంటాయి; తింటే వాంతులు, విరేచనాలు కలుగుతాయి. అందువల్ల పెకలించిన దుంపలను పిల్లలకు, పశువులకు అందేచోట వదలకండి, వంటకు వాడే ఉల్లిపాయల దగ్గర అసలే ఉంచకండి. పచ్చిక అంచున దీన్ని పెంచుతున్నట్లయితే చుట్టూ ఇటుకల వరుస పేర్చి, ఆ గీత లోపలి ఆకును మేతలో కలవనీయకండి.