పాఠం 3: ముందు పని, తర్వాత పరిచయం

పోయిన పాఠంలో చేతనైన పనులు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి.

ఉద్యోగం లేదనగానే "ఇంట్లో కూర్చునేకంటే ఏదైనా సేవ చెయ్యి, నలుగురూ పరిచయమవుతారు" అంటారు. నలుగురిలోకి వెళ్ళడమే గండంగా ఉన్న మనిషికి ఆ సలహా ఎందుకు? మనం వరస మార్చేద్దాం. మాట్లాడకుండా మొదలుపెట్టగల పనిని ముందు పట్టుకుందాం.

పాత పుస్తకాలను అందరూ ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టే వికీసోర్స్ సంగతి చూడండి. తెరమీద ఒక పక్క పాత పుస్తకం పుట బొమ్మ, ఇంకో పక్క కంప్యూటర్ గుర్తుపట్టిన అక్షరాలు. 'ధ'కీ 'థ'కీ తేడా తెలియక అది తికమకపడుతుంది, ఒత్తులు ఎగరగొడుతుంది. మీరు బొమ్మతో పోల్చి దిద్ది, దిద్దినట్టు గుర్తుపెట్టి భద్రపరిస్తే ఆ పుట పసుపు రంగుకి వస్తుంది. పని పూర్తయిందని చెప్పే ఆకుపచ్చ చేయడం మాత్రం మీ చేతిలో లేదు. ఇంకొకరు మళ్ళీ సరిచూడాలి. నన్నడిగితే ఈ ఏర్పాటులో గొప్పతనమంతా అక్కడే ఉంది: మీరు పెదవి విప్పలేదు, అయినా ఒక మనిషి మీ పనిని అక్షరం అక్షరం చదివాడు. అలా కొన్ని పుటలు అయ్యాక చర్చాపేజీలో ఒక సందేహం అడగడం పెద్ద సాహసంలా అనిపించదు. మాట్లాడటానికి విషయం చేతిలోనే ఉంటుంది మరి.

అక్షరాలు విసుగైతే, అందరూ కలిసి ఇంటర్నెట్‌లో గీసే ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం చూసి ఇళ్ళూ దారులూ గీయొచ్చు. 2009లో మొదలైన జూనివర్స్ అనే వెబ్‌సైట్‌లో శాస్త్రవేత్తల కోసం ఫొటోలు వర్గీకరించొచ్చు.

బయట పని కావాలంటే ఫోన్ వద్దు, ఉత్తరం రాయండి. ఇలా:

"నమస్కారం. మీ గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం, జాబితా టైపు చేయడం నేను చేయగలను. మంగళ, గురువారాల్లో ఉదయం రాగలను. ఎవరిని కలవమంటారు?"

అంతే. ఉద్యోగం ఎందుకు పోయిందో, ఎన్నాళ్ళుగా ఖాళీనో రాయొద్దు, ఎవరూ అడగలేదు. జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచేసి, ఇంకో చోటికి రాయండి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నవాళ్ళ జోలికి పోకండి. నిరుద్యోగ భృతి తీసుకుంటుంటే, సేవకు గంటల పరిమితి ఉందేమో ముందే కనుక్కోండి. కొన్ని దేశాల్లో ఉంటుంది.

శిక్షణ గురించి ఇప్పుడే హైరానా వద్దు. కోర్సుల పట్టిక చూసి ఎంచుకుంటే సగంలో వదిలేసే ప్రమాదం ఎక్కువ. పనిలో ఎక్కడ చెయ్యి ఆగిందో అదే నేర్చుకోండి. జాబితా టైపు చేస్తూ స్ప్రెడ్‌షీట్ దగ్గర ఆగారా, ముందు దాని సంగతి చూడండి.

అభ్యాసం: ఈ వారం ఒకే పుట దిద్దండి, లేదా పై ఉత్తరాన్ని మీ మాటల్లో రాసి పంపండి. పంపిన సంగతి మీకు దగ్గరైన ఒక్కరికి చెప్పండి. జవాబు వచ్చి రమ్మంటే మొదటిరోజు ఎలా గట్టెక్కాలో నాలుగో పాఠంలో.