పదిమందిలో మన పేరు – 5వ పాఠం: చేసింది ఎవరు?

లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ మీద పోయిన పాఠం తర్వాత వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకే మాట: "అండీ, మా మేనేజర్ పిలిచి అడిగారు."

నాలుగో పాఠంలో నేనొక పని చెప్పాను. ఒకే కంపెనీలో ఆరేళ్ళుగా ఉన్నవాళ్ళు ఆ ఆరేళ్ళనీ ఒకే ముద్దగా పెట్టకుండా, ప్రమోషన్ వచ్చినచోట విడగొట్టి లింక్డ్‌ఇన్‌లో రెండు పదవులుగా రాయండి అని. సలహా మంచిదే. కానీ కొత్త పదవి చేర్చే ఫారమ్‌లో 'నోటిఫై నెట్‌వర్క్' అని చిన్న బటన్ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మీ పదవి మారిందని పరిచయస్తులకి కబురు వెళ్తుంది. చూసినవాళ్ళు కొత్త ఉద్యోగం అనుకుంటారు. ఆ బటన్ సంగతి అందరికీ తెలుసులే అని నేను వదిలేశాను. తప్పు నాదే. వరంగల్ నుంచి ఒకావిడ రాత్రి పదకొండింటికి సేవ్ చేసి పడుకున్నారట. పొద్దున లేచి చూస్తే నలభై 'కంగ్రాట్స్'. అందులో ఒకటి మేనమామది, "పార్టీ ఎప్పుడు?" అని. ఇంకొకటి మేనేజర్‌ది, "ఒక ఐదు నిమిషాలు మాట్లాడదామా?" అని.

ముందు ఈ గొడవ తేల్చేద్దాం. మేనేజర్ అడిగితే ఇంతే చెప్పండి: "2022లో వచ్చిన ప్రమోషన్ ఇన్నాళ్ళూ ప్రొఫైల్‌లో రాయలేదండీ, ఇప్పుడు చేర్చాను." నిజం కూడా అదే కదా. దానికి తోకలు తగిలించొద్దు. సంజాయిషీ పెరిగేకొద్దీ అవతలివాళ్ళకి అనుమానం పెరుగుతుంది. కంగ్రాట్స్ చెప్పినవాళ్ళకి థాంక్స్ చెప్పి ఊరుకోండి. ఇకమీదట పదవుల జోలికి వెళ్ళినప్పుడల్లా ముందు ఆ బటన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసి తర్వాత రాయండి. నేనైతే మార్పులన్నీ ఫోన్ నోట్స్‌లో రాసిపెట్టుకుని, నెలకోసారి శనివారం మధ్యాహ్నం ఒకేసారి పేస్ట్ చేస్తాను. రోజుకోసారి కెలికితే అక్షర దోషాలు తప్ప ఇంకేం పెరగవు.

ఇద్దరు మాత్రం నేను చెప్పకుండానే ఒక అడుగు ముందుకేసి, ఉద్యోగం వెతుకుతున్నానని తెలిపే 'ఓపెన్ టు వర్క్' పెట్టేశారు. అందులో రెండు దారులున్నాయి. ఒకటి ఫోటో చుట్టూ ఆకుపచ్చ చట్రంతో అందరికీ కనిపించేది, రెండోది రిక్రూటర్లకి మాత్రమే. రెండోది మీ సొంత కంపెనీ రిక్రూటర్లకి కనిపించకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ వాళ్ళంటారు గానీ, పూర్తి గోప్యతకి హామీ ఇవ్వలేమని కూడా వాళ్ళే చెప్తారు. నోటీస్ పీరియడ్‌లో ఉన్నా, ఉద్యోగం పోయినా చట్రం పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు, పెట్టుకోండి. సీట్లో కూర్చుని ఉండగా మాత్రం వద్దు.

ఇక ఇవాళ్టి పాఠం 'అబౌట్', అంటే ప్రొఫైల్‌లో మన గురించి మనం రాసుకునే చోటు. 2,600 అక్షరాలు పడతాయి. అంతా నింపాలని రూలేం లేదు. చూసేవాళ్ళకి ముందు కనిపించేవి రెండు మూడు లైన్లే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి మొదటి లైన్లో మీరు ఏం పని చేస్తారో ఉండాలి. చిన్నప్పటినుంచీ కంప్యూటర్లంటే ఇష్టం అన్న సంగతి కాదు. ఇంతకుమించి దీనిమీద చెప్పేదేం లేదు. మీరు పంపిన డ్రాఫ్టులు చూశాక నన్ను పట్టుకున్న బాధ వేరు.

'చేయడం జరిగింది.'

ఈ మాట ఎక్కడ పుట్టిందో గానీ, ఆఫీసు సర్క్యులర్లలోంచి, సభల్లో వందన సమర్పణలోంచి నడిచొచ్చి మన నోట్లో స్థిరపడిపోయింది. "మైగ్రేషన్ చేయడం జరిగింది." "రిపోర్టులు సబ్మిట్ చేయడం జరిగింది." ఎవరు చేశారు? తెలీదు. వాన పడ్డట్టు దానంతటదే జరిగింది. మీరు అబౌట్ ఇంగ్లీషులో రాసినా బుర్రలో నడిచేది ఈ వాక్యమే. అందుకే అక్కడ కూడా పనులన్నీ వాటంతటవే అయిపోతుంటాయి, చేసినవాళ్ళు కనిపించరు.

దీనికి ఒక చెల్లెలుంది, 'చేశాం'. తెలుగులో కర్త పలక్కుండానే వాక్యం నడిచిపోతుంది, అది మన భాషకున్న సుఖం. పైగా మనకి మేము వేరు, మనం వేరు. 'మేము' అంటే వింటున్నవాడు అందులో లేడు, 'మనం' అంటే ఉన్నాడు. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి రెండూ 'వీ' అయిపోతాయి. ఇక ఆ 'వీ'లో మీరున్నారో, మీ పక్క సీటు ఉందో, మొత్తం కంపెనీయే ఉందో ఇంటర్వ్యూలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? నేను చాలా ఏళ్ళు టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నాను. 'వీ' వినిపించిన ప్రతిసారీ "అందులో మీ పనేంటి?" అని అడిగేవాణ్ణి. సగం మంది అక్కడే ఆగిపోయేవాళ్ళు. పని చేయక కాదు. 'నేను' అంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని. డబ్బా కొట్టుకోకూడదని ఇంట్లో నేర్పారు, బాగానే ఉంది. కానీ చేసింది చెప్పుకోవడం డబ్బా ఎలా అవుతుంది?

ఒక డ్రాఫ్ట్ తీసుకుందాం. మాదాపూర్‌లో టెస్టింగ్ చేసే అమ్మాయి రాసింది: 'రిగ్రెషన్ సూట్ ఆటోమేషన్ చేయడం జరిగింది.' అంటే, సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేశాక పాతవి చెడలేదని చూసే టెస్టుల్ని మనుషుల బదులు ప్రోగ్రామే నడిపేలా చేయడం. ఫోన్ చేశాను.

"టీమ్‌లో ఎంతమంది?"

"ఐదుగురం అండీ."

"నువ్వేం చేశావమ్మా?"

"పేమెంట్ స్క్రీన్లవి నేను రాశాను. సెలీనియం టూల్‌లో."

"అంతేనా?"

కాసేపు ఆలోచించింది. "అంటే... రాత్రి నడిచే టెస్టులు ఊరికే ఫెయిల్ అయ్యేవండీ. పొద్దున్నే అందరూ వాటిని మళ్ళీ చేత్తో రన్ చేసేవాళ్ళు. ఎందుకా అని చూస్తే, ప్రతి స్క్రీన్ దగ్గరా ఐదు సెకన్లు ఆగమని రాసి ఉంది. ఆ రోజు సర్వర్ నెమ్మదిగా ఉంటే ఐదు సెకన్లు చాలవు. అవన్నీ తీసేసి, బటన్ కనిపించేదాకా ఆగేట్టు మార్చాను. ఇప్పుడు పొద్దున్నే ఎవరూ రన్ చేయట్లేదు."

అసలు సరుకు ఇదీ. దీన్ని వదిలేసి 'చేయడం జరిగింది' అని రాసింది! మేమిద్దరం కలిసి ఇలా దిద్దాం: 'ఐదుగురి టీమ్‌లో పేమెంట్ స్క్రీన్ల టెస్టులు నావి. రాత్రి పూట కారణం లేకుండా ఫెయిలయ్యే టెస్టులకి మూలం కనిపెట్టి సరిచేశాను. పొద్దున్నే చేత్తో మళ్ళీ రన్ చేసే పని తప్పింది.' ఇందులో టీమ్ ఉంది, తనూ ఉంది. ఎవరి వాటా ఎవరికి పోయింది. ఇది చదివినవాడు తప్పకుండా "మూలం ఎలా కనిపెట్టారు?" అని అడుగుతాడు. దానికి ఆ అమ్మాయి పది నిమిషాలు మాట్లాడగలదు. లైన్ బాగుందో లేదో తేల్చుకోవడానికి నేను చూసేది అదొక్కటే: దాన్ని పట్టుకుని ఎదుటివాడు ప్రశ్న అడగగలడా, దానికి మీ దగ్గర జవాబుందా.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకేనా అనుకోకండి. విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారంలో అకౌంట్స్ చూసే ఆయన 'జీఎస్టీ పనులు నిర్వహించడం జరుగుతోంది' అని రాశారు. నెలనెలా 14న 2బి, అంటే సప్లయర్లు చూపించిన బిల్లుల జాబితా వస్తుంది, మామూలుగా 20లోపు 3బి, అంటే మన నెలవారీ రిటర్న్ వేయాలి. ఈ మధ్యలో సప్లయర్ల బిల్లులన్నీ 2బితో సరిచూసుకుని, ఎవరి బిల్లు అందులో కనబడకపోతే వాళ్ళకి ఫోన్లు చేయాలి. లేకపోతే ఆ బిల్లు మీద కట్టిన పన్నుకి రావాల్సిన క్రెడిట్ ఈ నెలకి ఆగిపోతుంది. ఈయన ఏం చేశారంటే, తరచూ ఆలస్యంగా వేసే సప్లయర్ల జాబితా తయారుచేసుకుని వాళ్ళకి 9నే ఫోన్ చేస్తారు, ఎందుకంటే వాళ్ళు తమ రిటర్న్ 11లోపు వేస్తేనే ఈ నెల 2బిలోకి వస్తుంది. ఆ 9వ తేదీ ఫోనే ఆయన పేరు. అది రాయండి స్వామీ అంటే "అదేముంది సార్, మామూలే కదా" అన్నారు. మామూలైతే ఊళ్ళో అందరూ చేయాలిగా!

సైట్ ఇంజినీర్లు కాంక్రీట్ బలం చూసే 28 రోజుల క్యూబ్ టెస్టు ఫలితాలు ఎవరు చూసుకున్నారో, తక్కువ వచ్చినప్పుడు ఏం చేశారో రాస్తే చాలు.

కస్టమర్ పేరు, డబ్బు లెక్కలు, స్క్రీన్‌షాట్లు వద్దు. ఎందుకో చెప్పనక్కర్లేదు.

'నేను' రాయమన్నానని రెండో వైపు జారిపోకండి. ఆ దెబ్బ నేను తిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్రైజల్ కాగితంలో ఒక రిపోర్టు మొత్తం నేనే తయారుచేశానని రాసుకున్నాను. దానిలో లెక్కలన్నీ పక్క సీటాయనవి. నేను చేసింది అతికించడం, రంగులెయ్యడం. మేనేజర్ ఆ కాగితం చదువుతుండగా ఆ పక్క సీటాయనే ఏదో సంతకం కోసం లోపలికొచ్చారు. మేనేజర్ మామూలుగా, "ఈ మూడో పట్టికలో తేడా ఎందుకొచ్చింది?" అని నన్నడిగారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు, జవాబు మాత్రం చెప్పేశారు. ఆ ఏడు హైక్ ఎంతొచ్చిందో గుర్తులేదు గానీ, ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే, రెండు వారాలు తీసుకోండి. మీ సెంట్ మెయిల్ తెరిచి గత 90 రోజులవి ఒక్కొక్కటీ చూడండి. మీరు చేసిన పనులు ఇరవై రాయండి. ప్రతి లైన్‌లో 'నేను' గానీ 'నా' గానీ ఉండాలి, ఒక్కదాంట్లో కూడా 'జరిగింది' ఉండకూడదు. జ్ఞాపకం మీద రాయొద్దు, ఇరవైలో పద్నాలుగు మర్చిపోయుంటారు. తర్వాత ఎవరూ ప్రశ్న అడగరనిపించినవి కొట్టేయండి. ఐదో ఆరో మిగులుతాయి. వాటిని ఆ పనుల్లో మీతోపాటు ఉన్న కోలీగ్‌కి చదివి వినిపించండి. మెసేజ్ పెట్టి కాదు, ఎదురుగా టీ దగ్గర కూర్చుని. ఏ లైన్‌కి ఆయన "ఊఁ" అన్నారో అది అబౌట్‌లోకి వెళ్తుంది. ఏ లైన్‌కి టీ గ్లాసు వైపు చూశారో అది తీసేయండి.

ప్రొఫైల్‌లో పేరు కింద కనిపించే హెడ్‌లైన్ ఇంకా పంపనివాళ్ళు పంపండి. 'పాషనేట్' అన్న మాట ఉంటే మాత్రం చదవకుండానే వెనక్కి పంపేస్తాను.