గోడకి మాలు, టైల్స్‌కి గ్రౌట్: ఎంత కావాలో లెక్క ఇలా వేయండి

"పది బస్తాలు తెప్పించండి, చూద్దాం" అంటారు మేస్త్రీలు. విశాఖలో ఆ పద్ధతి నష్టం. మిగిలిన సిమెంటు బస్తా సముద్రపు గాలికి, వానాకాలం తేమకి తొందరగా గడ్డకడుతుంది. ఇసుకేమో నాగావళి, వంశధార వైపు నుంచో గోదావరి నుంచో లారీ ఎక్కి రావాలి. పక్కనే ఉంది కదా అని బీచ్ ఇసుక కలిపితే అందులోని ఉప్పు గోడ మీదకి తెల్లగా పొంగుతుంది. అందుకే టేపు, కాగితం తీసుకుని ముందే లెక్క వేసుకోండి.

మొదట ఇటుక కొలవండి. ఇక్కడ ఎక్కువగా దొరికే ఫ్లైయాష్ ఇటుక సైజు ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉంటుంది. ఐదు ఇటుకలు వరసగా పేర్చి, మొత్తం పొడవుని ఐదుతో భాగించండి. అడ్డం, ఎత్తు కూడా అలాగే చూడండి.

ఇటుక 9×4×3 అంగుళాలు అనుకుందాం. గోడ పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, నాలుగంగుళాల మందం. ఇటుకల మధ్య మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) 10 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 0.4 అంగుళం. మాలుతో కలిపి ఒక్కో ఇటుక గోడ మీద 9.4×3.4, సుమారు 32 చదరపు అంగుళాలు ఆక్రమిస్తుంది. వంద చదరపు అడుగులంటే 14,400 చదరపు అంగుళాలు కాబట్టి 450 ఇటుకలు పడతాయి. గోడ ఘనపరిమాణం 33.3 ఘనపుటడుగులు, ఇటుకలవి 28.1. తేడా 5.2, అదే మాలు. తలుపులు, కిటికీలు ఉంటే వాటి వైశాల్యం ముందే తీసేయండి.

కిందపడేదానికి, సందుల్లోకి పోయేదానికి 20 శాతం కలిపితే 6.2. నీళ్లు పోశాక పొడి సరుకు కుదించుకుపోతుంది కాబట్టి దాన్ని 1.33తో హెచ్చించండి: 8.3 ఘనపుటడుగులు. నాలుగంగుళాల గోడకి 1:4 పాళ్లు వాడతారు. ఐదు భాగాల్లో ఒకటి సిమెంటు, అంటే 1.66. యాభై కిలోల బస్తా సుమారు 1.25 ఘనపుటడుగులు, కాబట్టి బస్తా, ఇంకో మూడోవంతు. ఇసుక 6.6. తొమ్మిదంగుళాల గోడకైతే 1:6 సరిపోతుంది, అప్పుడు ఏడుతో భాగించండి.

ఈ లెక్కని తలకిందులు చేసేది మాలు మందమే. అది 10 నుంచి 15 మిల్లీమీటర్లకి పెరిగితే ఇటుకలు కొన్ని తగ్గుతాయి గానీ, మాలు 40 శాతం దాకా ఎక్కువ పడుతుంది. మొదటి మూడు వరసలు కట్టేటప్పుడు పక్కన నిలబడి స్కేలు పెట్టి చూడండి.

ఇసుక తడిగా వస్తే ఇంకో పరీక్ష చేయాలి. గాజు గ్లాసులో వదులుగా నింపి, మట్టం దగ్గర గీత పెట్టండి. నీళ్లు పోసి కలిపి, పేరుకోనివ్వండి. ఇసుక గీత కన్నా కిందకి దిగిపోతుంది. తేమకి అది ఎంత ఉబ్బిందో ఆ తేడా చెబుతుంది. ఆ ఉబ్బుని బట్టి 20 నుంచి 30 శాతం ఎక్కువ ఇసుక తెప్పించుకోవాలి. తట్టలతో కొలిచి కలిపేటప్పుడూ అంతే ఎక్కువ వేయాలి.

నేల టైల్స్ కింద అంగుళం మందం మాలు పరిస్తే, వంద చదరపు అడుగులకి 1:4 పాళ్లలో సిమెంటు రెండు బస్తాలకి కాస్త తక్కువ, ఇసుక 9 ఘనపుటడుగులు.

ఇక గ్రౌట్, అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపే పొడి. అన్ని కొలతలూ మిల్లీమీటర్లలో తీసుకోండి. టైల్ పొడవు, వెడల్పుల మొత్తాన్ని వాటి లబ్ధంతో భాగించి, దాన్ని టైల్ మందంతోనూ, సందు వెడల్పుతోనూ, 1.6తోనూ హెచ్చిస్తే చదరపు మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 600×600 టైల్, 9 మందం, 3 సందు అయితే 0.144 కిలో, వంద చదరపు అడుగుల హాలుకి సుమారు 1.34 కిలోలు. 300×300 టైల్, 8 మందం అయితే 0.256. టైల్ చిన్నదైతే సందులు ఎక్కువ, గ్రౌటూ ఎక్కువే.

300×300 టైల్స్ వేసిన మా బాత్‌రూమ్‌కి నేను హాలు లెక్కే వేసి అరకిలో తెచ్చాను. నలభై చదరపు అడుగులకి దాదాపు కిలో కావాల్సింది. రెండో ప్యాకెట్ వేరే బ్యాచ్‌ది. తలుపు దగ్గర మూడు గీతలు ఇప్పటికీ కొంచెం ముదురు రంగులో కనిపిస్తాయి. అందుకే సిమెంటు బిగువుగా కొన్నా, గ్రౌట్ మాత్రం 15 శాతం ఎక్కువ, ఒకే బ్యాచ్ నంబరు చూసి కొనండి. మిగిలిన పొడిని గాలి చొరని డబ్బాలో వేసి, బ్యాచ్ నంబరు, తేదీ మూత మీద రాసి పెట్టండి.