ఎంసెట్ ఫస్ట్ ఫేజ్‌లో అనుకున్న సీటు రాకపోతే

పేరు ఈఏపీసెట్‌గా మారినా తెలంగాణ ఇళ్ళల్లో ఇంకా ఎంసెట్టే. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఫస్ట్ ఫేజ్ అలాట్‌మెంట్ వచ్చిన సాయంత్రం రెండు తొందరపాట్లు ఎక్కువగా జరుగుతుంటాయి. ఒకటి, నచ్చని కాలేజీ వచ్చిందని ఫీజు కట్టకుండా వదిలేయడం. రెండోది, బెంబేలెత్తి మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్స్ ఇచ్చేయడం. ఈ రెండూ చేయకండి. వచ్చిన సీటు ఎంత చిన్నదైనా దాన్ని చేతిలో ఉంచుకునే మెరుగైనదానికి ప్రయత్నించాలి.

చేతిలో ఉంచుకోవడమంటే గడువులోగా వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి, సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు అక్కడే నమోదు) చేసి, ఆ రసీదు ప్రింట్ తీసుకోవడం. ఫీజు కట్టేసి రిపోర్టింగ్ మర్చిపోయేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. గడువు దాటితే సీటు దానంతటదే రద్దవుతుంది. తర్వాతి ఫేజ్‌లో కొత్త సీటు వస్తే కట్టిన ఫీజు అందులో సర్దుబాటవుతుంది కాబట్టి డబ్బు పోతుందన్న భయం అక్కర్లేదు. ఈ దశలో కాలేజీకి వెళ్ళి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాల్సిన పనీ లేదు. కాలేజీ తరఫున ఫోన్ చేసి "ఒరిజినల్స్ తెచ్చి ఇచ్చేయండి, సీటు పదిలం" అని ఎవరైనా అంటే వినకండి. టీసీ ఒకసారి వాళ్ళ బీరువాలోకి వెళ్తే తిరిగి తెచ్చుకోవడం పెద్ద పని.

సెకండ్ ఫేజ్‌లో సీట్లు ఎక్కడినుంచి వస్తాయి? ఫస్ట్ ఫేజ్‌లో వచ్చినా ఫీజు కట్టనివాళ్ళవి, జాతీయ స్థాయి కౌన్సెలింగ్ అయిన జోసా ద్వారా ఐఐటీ, ఎన్ఐటీలకు వెళ్ళినవాళ్ళవి, మెరుగైన కాలేజీకి జరిగినవాళ్ళు ఖాళీ చేసినవి. కొన్నేళ్ళు అనుమతులు ఆలస్యమై కొత్త సీట్లు కూడా మధ్యలో చేరతాయి. ఖాళీలు నిజంగానే వస్తాయి. అలాగని ర్యాంకు ఇరవై వేలు దాటినవాళ్ళకు టాప్ కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఊడిపడదు. సాధారణంగా కదిలేది ఒక మెట్టు, బాగా కలిసొస్తే రెండు.

ఇప్పుడు అసలు విషయం. సెకండ్ ఫేజ్‌లో కొత్త సీటు వచ్చిందంటే పాతది ఆ క్షణమే పోతుంది, మరొకరికి వెళ్ళిపోతుంది. కొత్తది నచ్చలేదు, పాతదే ఇవ్వండి అంటే కుదరదు. కొత్తదేదీ రాకపోతే మాత్రం పాతది అలాగే ఉంటుంది. అందుకే సెకండ్ ఫేజ్ జాబితాలో రాసే ప్రతి ఆప్షనూ ఇప్పుడున్న సీటు కంటే మీకు మేలైనదే కావాలి. ఫస్ట్ ఫేజ్‌లో ఇచ్చిన ఆప్షన్లు ఇక్కడ పనికిరావు, మళ్ళీ కొత్తగా ఇవ్వాలి.

దగ్గరగా చూద్దాం. ఒక అబ్బాయికి ఫస్ట్ ఫేజ్‌లో ఊరి చివరి కాలేజీలో సీఎస్‌డీ, అంటే సీఎస్ఈ డేటా సైన్స్ వచ్చింది. సెకండ్ ఫేజ్‌లో మంచి కాలేజీల సీఎస్ఈ, సీఎస్ఎం (ఏఐ, మెషిన్ లెర్నింగ్), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వరసగా ఎనిమిది రాశాడు. జాబితా చిన్నగా ఉందని తొమ్మిదోదిగా మరో కాలేజీ సివిల్ పెట్టాడు. కంప్యూటర్ అతని ర్యాంకు వంతు వచ్చినప్పుడు జాబితాను పైనుంచి చూస్తుంది. ఎనిమిదీ నిండిపోయాయి, తొమ్మిదోది ఖాళీగా ఉంది, ఇచ్చేసింది. సీఎస్‌డీ పోయింది. ఆ తొమ్మిదో గడి ఖాళీగా వదిలేసి ఉంటే ఏమీ పోయేది కాదు.

వరస విషయంలో ఇంకో అపోహ ఉంది. "వచ్చే అవకాశం ఉన్నది పైన పెట్టు, లేకపోతే అదీ పోతుంది" అంటారు. తప్పు. పైన రానిది రాసినందుకు కింద ఉన్నదాని అవకాశం తగ్గదు. ఎక్కువ ఇష్టమైనదే పైన పెట్టాలి. అందనిది పైన ఉంటే దాని వల్ల నష్టం లేదు. అందేది పైన ఉంటే, కింద ఉన్న మంచివాటి దాకా కంప్యూటర్ వెళ్ళనే వెళ్ళదు.

అంచనాకు కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోని లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ చాలు, యూట్యూబ్ ప్రిడిక్టర్లు వద్దు. కాలేజీ, బ్రాంచి, కేటగిరీ, బాయ్స్, గర్ల్స్ వారీగా ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో అందులో ఉంటుంది. బీసీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు తమ కాలమ్‌తో పాటు ఓసీ కాలమ్ కూడా చూడాలి, ఎందుకంటే ఓపెన్ సీటుకు అందరూ అర్హులే. ఒక జాగ్రత్త: 2024 వరకు 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులూ పోటీపడేవారు. 2025 నుంచి అవి తెలంగాణతో సంబంధం ఉన్నవారికే. పాత ఏళ్ళ ర్యాంకులను యథాతథంగా నమ్మకూడదు.

ఆప్షన్లు ముందు కాగితం మీద పెన్సిల్‌తో రాయండి, కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ పక్కపక్కనే. ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు ఎక్కించండి. సీఎస్ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ (సైబర్ సెక్యూరిటీ) కోడ్‌లు ఒకదానికొకటి మారిపోవడం మామూలే. నెట్ సెంటర్‌లో చేయించినా లాగిన్ వివరాలు, ఓటీపీ అక్కడ వదిలి రాకండి. సేవ్ చేశాక ప్రింట్ తీసి కాగితంతో సరిచూసుకోండి.

కొందరికి ర్యాంకు వల్ల కాదు, సర్టిఫికెట్ వల్ల సీటు తప్పుతుంది. కుల ధ్రువీకరణ పత్రం వెరిఫికేషన్‌లో చూపించకపోతే ఓసీగానే లెక్కేస్తారు. ఆదాయ ధ్రువీకరణ ఆ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. సెకండ్ ఫేజ్‌లోగా హెల్ప్‌లైన్ సెంటర్‌కు వెళ్ళి సరిచేయించుకోండి. మీసేవలో దరఖాస్తు ఈరోజే పెట్టండి.

డబ్బు లెక్క కూడా ఆప్షన్లు రాసేటప్పుడే వేసుకోవాలి. ప్రభుత్వం ఫీజు చెల్లించే రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైన బీసీ, ఈబీసీ విద్యార్థులకు పది వేలలోపు ర్యాంకుంటే పూర్తి ఫీజు వస్తుంది, దాటితే మామూలుగా ఏటా 35,000 రూపాయలు. కాలేజీ ఫీజు 1,20,000 అయితే ఇంటినుంచి ఏడాదికి 85,000, నాలుగేళ్ళకు 3,40,000 కట్టాలి. బస్సు, హాస్టల్ వేరే.

సెకండ్ ఫేజ్ తర్వాత ఫైనల్ ఫేజ్ ఉంటుంది. షెడ్యూల్‌లో చెప్పిన గడువులోగా కాలేజీలో స్వయంగా రిపోర్ట్ చేయాలి. ఒరిజినల్స్ ఇచ్చేది అప్పుడే. ఆ తర్వాత ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది, అదే కాలేజీలో మరో బ్రాంచి ఖాళీ ఉంటే మారవచ్చు. ఒకప్పుడు దీన్ని కాలేజీలే చేసేవి, మారినవాళ్ళు రీయింబర్స్‌మెంట్ పోగొట్టుకునేవారు. 2024 నుంచి కౌన్సెలింగ్ నడిపే కన్వీనరే ఆన్‌లైన్‌లో చేస్తున్నారు కాబట్టి అర్హులకు అది కొనసాగుతుంది. కాలేజీ బాగుండి బ్రాంచే నచ్చనివాళ్ళకు ఇది మంచి దారి, చాలామంది పట్టించుకోరు.

స్పాట్ అడ్మిషన్ అన్నిటికంటే చివరిది. మిగిలిన సీట్లను కాలేజీయే నింపుకుంటుంది. అలా చేరితే రీయింబర్స్‌మెంట్ ఉండదు, బి కేటగిరీ అంటే మేనేజ్‌మెంట్ సీట్లకూ అంతే. అర్హత ఉన్న కుటుంబం స్పాట్‌లో సీఎస్ఈ కోసం కన్వీనర్ కోటా ఈసీఈ వదులుకునే ముందు పై లెక్క ఇంకోసారి వేసుకోవాలి.

ఇంజనీరింగ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అయిన దోస్త్‌లో కూడా నమోదు చేసుకోండి, మొదటి ఫేజ్‌లో 200 రూపాయలే. అక్కడా సీటు వచ్చాక సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు పోతుంది. మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్ళు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. జేఈఈ మెయిన్ ర్యాంకు ఉన్నవాళ్ళు సీసాబ్ స్పెషల్ రౌండ్లు, అంటే జోసా తర్వాత ఎన్ఐటీలు వగైరాల్లో మిగిలిన సీట్లకు జరిగేవి, కూడా చూడాలి. అయితే చేతిలో జోసా సీటు పెట్టుకుని అందులోకి దిగితే, కొత్తది రాగానే అక్కడా పాతది పోతుంది.