ఇంట్లో రోకలిబండల పెంపకం – 3వ పాఠం: జంట, గుడ్లు, పిల్లలు

కిందటి పాఠంలో టబ్బు సిద్ధం చేసి, వాన పడ్డాక పెరట్లో దొరికిన ఎర్ర రోకలిబండలను (మిల్లిపీడ్లను) అందులో వదిలాం. రాత్రిళ్లు పైకి వచ్చి తిరుగుతున్నాయా? మట్టి మీద ఆవగింజల్లాంటి రెట్ట కనిపిస్తోందా? అయితే కొత్త చోటు వాటికి అలవాటు పడినట్టే. ఇక పిల్లల సంగతి చూద్దాం.

మనం పెంచుతున్నది ట్రిగోన్యులస్ కొరల్లినస్ అనే జాతి. పెద్దదైతే ఐదారు సెంటీమీటర్లు ఉంటుంది, ఇటుక రంగు. ఆగ్నేయాసియా నుంచి మొక్కల కుండీలతో, మట్టితో చాలా దేశాలకు పాకింది. మన దగ్గర తొలకరి తర్వాత ప్రహరీ గోడల మీద కూడా తిరుగుతుంది కాబట్టి అడవికి వెళ్లి ఏరాల్సిన పనిలేదు. పడమటి కనుమల్లో ఉండ చుట్టుకునే పెద్ద రోకలిబండలను మాత్రం అక్కడే ఉండనివ్వండి. వాటికి కావలసిన అడవి మట్టి, చల్లదనం మన బాల్కనీలో దొరకవు.

ముందు ఆడా మగా తేల్చుకోవాలి. చేత్తో వెల్లకిలా తిప్పితే చుట్ట చుట్టుకుంటుంది, ఏమీ కనపడదు. అటూ ఇటూ కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో వదిలి, నడవడం మొదలుపెట్టాక డబ్బా పైకెత్తి కింది నుంచి చూడండి. ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే ఇంకా తేలిక. ఒంటి మీది వలయాల్లో తల వెనక మొదటి కొన్నింటికి ఒక్కో జత కాళ్లే ఉంటాయి. ఆ తర్వాతివాటికి రెండేసి జతలు. మగదానికి ఏడో వలయం దగ్గర నడిచే కాళ్లు ఉండవు. అవి సంభోగానికి పనికొచ్చే అవయవాలుగా మారి ఒంట్లోకి ముడుచుకుని ఉంటాయి. అందుకే అక్కడ కాళ్ల వరుస పళ్లు ఊడిన దువ్వెనలా తెగిపోయి కనిపిస్తుంది. వలయాలు లెక్కపెడుతూ టెన్షన్ పడకండి, తలకు సుమారు సెంటీమీటరు వెనక ఆ ఖాళీ ఉందో లేదో చూస్తే చాలు. వరుస ఎక్కడా తెగకపోతే అది ఆడదైనా కావచ్చు, ఇంకా ఎదగని మగదైనా కావచ్చు. చిన్నవాటి విషయంలో తొందరపడి తీర్పు చెప్పొద్దు.

ఒకే టబ్బులో మగవి ఎన్ని ఉన్నా కొట్టుకోవు. మగది ఆడదాని వీపు మీదుగా పాకి, తలలు ఎదురెదురుగా వచ్చేలా చుట్టుకుంటుంది. చాలాసేపు అలాగే ఉంటాయి, విడదీయకండి. రోకలిబండల్లో ఆడవి వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలవు. కాబట్టి పెరట్లో దొరికిన ఒక్క ఆడదే ఉన్నా గుడ్లు పెట్టే అవకాశం ఉంది.

ఇప్పుడు అసలు విషయం, మట్టి. రోకలిబండకు తిండీ అదే, పురిటిల్లూ అదే. చాలామంది కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక్కటే నింపి, దోసకాయ ముక్కలు వేసి, పిల్లలు ఎందుకు రావట్లేదని అడుగుతారు. కోకోపీట్ తేమ పట్టి ఉంచుతుంది, కడుపు నింపదు. సగానికి సగం బాగా చివికిన ఆకులు ఉండాలి. బాదం, మామిడి, పనస ఆకులు మంచివి. వేప, నీలగిరి, కానుగ వద్దు, వాటిలో పురుగులకు పడని గుణం ఉంది. మిగతా సగంలో వేలితో నొక్కితే పొడి అయ్యేంత కుళ్లిన కర్ర, మందులు కొట్టని చోటి మట్టి కలపండి. లోతు కనీసం పది సెంటీమీటర్లు. గుప్పెట్లోకి తీసుకుని పిండితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. వాటి ఒంటి పెంకు గట్టిపడటానికి సున్నం కావాలి కాబట్టి కోడిగుడ్డు పెంకుల పొడి గానీ, పచారీ కొట్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) గానీ ఒక మూల చల్లండి. దోసకాయ, క్యారెట్ చిరుతిండి కింద వేయొచ్చు. బూజు పట్టకముందే తీసేయండి.

గుడ్లు మట్టి లోపల ఉంటాయి. ఈ కోవకు చెందిన చాలా రకాల్లో ఆడది ఒక్కో గుడ్డు చుట్టూ మట్టితో చిన్న గుళిక కడుతుంది. అది పైకి రెట్ట గుళికలాగే ఉంటుంది కాబట్టి తవ్వి చూసినా పోల్చలేరు, పైగా చితికిపోతాయి. తవ్వకండి. పిల్లలు పారదర్శకమైన టబ్బు గోడ పక్కన తెల్లటి దారం ముక్కల్లా కనిపించినప్పుడే మనకు తెలుస్తుంది. మొట్టమొదటి దశలో వాటికి ఉండేది మూడు జతల కాళ్లే. కుబుసం విడుస్తూ పెరిగేకొద్దీ తోక వైపు కొత్త వలయాలు, కొత్త కాళ్లు వస్తాయి. పెద్దవి కావడానికి నెలలు పడుతుంది.

కుబుసం విడిచేటప్పుడు పెద్దవైనా, చిన్నవైనా మట్టిలో చిన్న గది చేసుకుని కదలకుండా పడుకుంటాయి. ఒళ్లు తెల్లగా, మెత్తగా ఉంటుంది. చచ్చిపోయిందనుకుని బయటకు లాగితే నిజంగానే చచ్చిపోతుంది. విడిచిన కుబుసాన్ని అదే తినేస్తుంది, సున్నం తిరిగి దక్కాలి కదా.

మట్టి పాతబడితే మొత్తం పారబోయొద్దు. మూడో వంతే మార్చండి, తీసిన మట్టిని ఇంకో డబ్బాలో పోసి తడి ఆరకుండా నెలల తరబడి అట్టే పెట్టండి. అందులో గుడ్లు ఉండొచ్చు. పైగా ఆకుల్ని అరిగించే సూక్ష్మజీవులు పిల్లలకు పెద్దవాటి రెట్ట నుంచి కూడా అందుతాయి. శుభ్రం శుభ్రం అని కడిగి కొత్త మట్టి నింపేవాళ్ల దగ్గర పిల్లలు బతకకపోవడానికి ఇదొక కారణం.

మన ఎండాకాలమే అసలు పరీక్ష. టబ్బును మేడ మీది గదిలో కాకుండా కింద, నేల మీద, ఎండ తగలని మూలన ఉంచండి. బయట తడిగుడ్డ చుడితే వేడి తగ్గుతుంది. లోపల 25 నుంచి 28 డిగ్రీలు హాయి. మట్టిలో గెంతే సన్నటి తెల్ల పురుగులు కనిపిస్తే కంగారు వద్దు, అవి బూజు తినే స్ప్రింగ్‌టెయిళ్లు, మన పనివాళ్లే.

టబ్బులో చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోవడం మానొద్దు. బెదిరితే ఇవి వదిలే ద్రవంలో బెంజోక్వినోన్లు అనే ఘాటైన రసాయనాలు ఉంటాయి. చేతికి అంటితే మరక పడుతుంది, కంట్లో పడితే బాగా మండుతుంది. అలా జరిగితే నీళ్లతో చాలాసేపు కడిగి డాక్టరుకు చూపించండి. చిన్నపిల్లల్ని మీరు పక్కన ఉన్నప్పుడే పట్టుకోనివ్వండి.

వచ్చే పాఠంలోగా చేయాల్సిన పని: పెద్దవాటన్నిటినీ కింది నుంచి ఫొటో తీసి, ఏడో వలయం చూసి, ఆడవెన్నో మగవెన్నో టబ్బు మీద తేదీతో రాసి పెట్టండి. అప్పుడు సంఖ్య పెరిగాక వాటితో రాలిన ఆకుల్ని ఎరువుగా మార్చడం మొదలుపెడదాం.